డిక్కీలో ఇసుక బస్తాలు

మావారికి కార్ల పిచ్చి ఉన్న సంగతి పెళ్ళిచూపుల్లో ఎవరూ చెప్పలేదు. పద్దెనిమిదేళ్ళు బుద్ధిగా ఆఫీసుకీ ఇంటికీ కూరల కొట్టుకీ తిరిగిన మనిషి, నిరుడు ఆగస్టులో ఒక సెకండ్‌హ్యాండ్ సెడాన్ తెచ్చి డ్రైవ్‌వేలో నిలబెట్టి నన్నూ అత్తయ్యనీ బయటికి పిలిచారు. 2013 మోడలు, నల్ల రంగు, వెనక చక్రాలతో నడిచేది. "వెనక నుంచి తోస్తుంటే మలుపు తిరగడంలో ఉన్న హాయి నీకెలా చెప్పను!" అన్నారు. అత్తయ్య కొబ్బరికాయ కొట్టి, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి, "నలుపెందుకు తెచ్చావురా" అని ఒక్క మాట అని లోపలికెళ్ళిపోయారు.

నాకు రంగుతో పేచీ లేదు, చక్రాలతోనే. మేముండేది మినెసోటాలో, మినియాపొలిస్ పక్కన ప్లిమత్ అనే ఊళ్ళో. నవంబరు నుంచి మార్చి దాకా, ఒక్కోసారి ఏప్రిల్లో ఉగాది వెళ్ళిపోయాక కూడా, స్నో పడుతూనే ఉంటుంది. మన ఊళ్ళలో పొద్దున్నే గడ్డి మీద మెరిసే మంచు కాదిది. కాలు పెడితే పిక్క దాకా దిగబడుతుంది. ఇలాంటి చోట చాలామంది ముందు చక్రాలతో నడిచే బండో, నాలుగు చక్రాలూ తిరిగే ఆల్ వీల్ డ్రైవో చూసి కొనుక్కుంటారు.

ఆ కారు ఆయన ఒక్కరి ముచ్చటే అయితే నేనింత రాసేదాన్ని కాదు. మా పెద్దమ్మాయికి అదే నవంబరులో పదహారు నిండాయి, లైసెన్సు వచ్చింది. అత్తయ్యకి మోకాలి ఆపరేషన్ అయ్యాక వారానికి మూడుసార్లు ఫిజియోథెరపీకి తీసుకెళ్ళాలి, చిన్నాడిని ఈతకి దింపాలి, అందుకని మినీవ్యాన్ నా దగ్గరే ఉండాలి. ఆయనకి వారంలో మూడు రోజులు ఇంటి నుంచే పని. మూడో కారు కొనే స్తోమత లేదు. అంటే సాయంత్రం లైబ్రరీలో పిల్లలకి లెక్కలు చెప్పడానికి వెళ్ళే అమ్మాయికి మిగిలేది ఆ నల్ల కారే.

ఇక్కడి పద్ధతి తెలియనివాళ్ళకి చెప్తాను. మినెసోటాలో పదిహేనేళ్ళకి లెర్నర్స్ పర్మిట్ ఇస్తారు. కనీసం ఆరు నెలలు పక్కన పెద్దవాళ్ళని కూర్చోబెట్టుకుని 50 గంటలు నడపాలి, అందులో 15 గంటలు రాత్రిపూట. తల్లో తండ్రో గంటన్నర క్లాసుకి హాజరైతే 40 గంటలు చాలు. మా అమ్మాయి పర్మిట్ మే నెలలో వచ్చింది. లెక్క వేసుకోండి. అన్ని గంటల్లో ఒక్క గంట కూడా స్నోలో లేదు.

నవంబరు మూడో వారంలో మొదటి స్నో పడింది, పెద్దగా కూడా కాదు, మూడంగుళాలు. మా వీధి నుంచి మెయిన్ రోడ్డుకి ఎక్కే చోట చిన్న ఎత్తు ఉంది. అక్కడ స్టాప్ గుర్తు దగ్గర ఆగిన నల్ల కారు మళ్ళీ కదలలేదు. చక్రం జారినప్పుడల్లా ట్రాక్షన్ కంట్రోల్ ఇంజను బలాన్ని తగ్గించేస్తుంది, దాని పనే అది. ఈయన ఆ బటన్ ఆపేసి, నాలుగుసార్లు ముందుకీ వెనక్కీ ఊపి ఎలాగో ఎక్కించారు. దాకా బాగానే ఉంది. బటన్ మళ్ళీ వెయ్యలేదు. పది నిమిషాల తర్వాత హైవే 55 మీద నుంచి 494 ఎక్కే ర్యాంప్ మలుపులో, హైవే వేగం అందుకోవాలని గ్యాస్ తొక్కారు. కారు వెనక భాగం విసురుగా పక్కకి తిరిగి, మొహం వచ్చిన వైపుకి పెట్టి గడ్డిలో ఆగింది. వెనక ఏ బండీ లేదు. ఒంటి మీద గీత పడలేదు, కారుకీ ఏమీ కాలేదు. టో ట్రక్కుకి డబ్బు కట్టి ఇంటికొచ్చి, షూస్ కూడా విప్పకుండా మెట్ల మీద కూర్చుండిపోయారు.

ఆ రాత్రి ఆయన తీర్మానం: కారుకి ఏప్రిల్ దాకా కవర్ కప్పేద్దాం, అమ్మాయిని నేనే దింపుతాను, స్నోలో అది నడపాల్సిన పని లేదు.

ప్రేమతో అన్న మాటే, కాదనను. అలాంటి ప్రేమ నేనూ చూశాను. తెనాలిలో మా అన్నయ్యకి పదహారో ఏట నాన్నగారు స్కూటర్ నేర్పించారు. నేను అడిగితే "నీకెందుకమ్మా, ఎక్కడికి కావాలన్నా అన్నయ్య దింపుతాడు" అన్నారు. అన్నయ్య దింపాడు కూడా, పాపం, తనకి వీలైనప్పుడు. నేను స్టీరింగ్ పట్టుకున్నది ఈ దేశం వచ్చాక, ఇరవై ఏడేళ్ళప్పుడు, అమ్మాయి కడుపులో ఉండగా. అందుకే ఆయనతో అన్నాను, "ఇంకో రెండేళ్ళకి అది కాలేజీకి వెళ్తుంది. అక్కడ స్నో పడితే ఎవరి కారో ఎక్కుతుంది, లేదా ఎవరి కారో నడుపుతుంది. అప్పుడు మనం దింపలేం. ఇప్పుడు పక్కన కూర్చోగలం." ఆయన మాట్లాడలేదు. మా ఇంట్లో అది ఒప్పుకోలు కిందే లెక్క.

నాకు మాత్రం ఏం తెలుసు? పదహారేళ్ళుగా స్నోలో నడుపుతున్నాను నిజమే, కానీ ఎప్పుడూ ముందు చక్రాల బండే. అదృష్టంకొద్దీ మా పక్కింటావిడ ఉన్నారు. డెబ్భై దాటిన మనిషి, ఇరవై ఏళ్ళకి పైగా స్కూల్ బస్సు నడిపి రిటైరయ్యారు. 1991 హాలోవీన్ రోజు మొదలైన పెద్ద స్నో గురించి ఇప్పటికీ నిన్న జరిగినట్టే చెప్తారు. అప్పుడు ఈ జంట నగరాల్లో 28 అంగుళాలకి పైగా పడింది, డులూత్‌లో దాదాపు 37. నేను గోంగూర పచ్చడి పట్టుకెళ్ళి మా గొడవ చెప్పుకుంటే ఆవిడ పకపకా నవ్వారు. "ఇన్నేళ్ళూ నేను నడిపింది ఏ చక్రాల బండి అనుకున్నావు? స్కూల్ బస్సులు తోసేది వెనక చక్రాలే. నా చిన్నప్పుడు ఈ ఊళ్ళో కార్లన్నీ దాదాపు అవే. అమ్మమ్మలు కూడా నడిపేవాళ్ళు" అన్నారు.

అప్పుడు నాకు మా పెదనాన్నగారి అంబాసిడర్ గుర్తొచ్చింది. అదీ వెనక చక్రాల బండే. వానాకాలం నల్లరేగడి బాటలో దిగబడి వెనక చక్రం గిర్రున తిరుగుతుంటే, "ఒరేయ్ పిల్లలూ, డిక్కీ మీద కూర్చోండర్రా" అని అరిచేవారు. ఆడుకోవడానికి అనుకునేవాళ్ళం. బరువు కోసమని ఇప్పుడు తెలిసింది. ముందు చక్రాల బండిలో ఇంజను బరువు తిరిగే చక్రాల మీదే ఉంటుంది, అందుకని స్నోలో కదలడం తేలిక. ఇలాంటి కారులో ఇంజను ముందుంటుంది, పని వెనక చక్రాలు చేస్తాయి, వాటి మీద బరువు తక్కువ. కొట్లో ట్రాలీని ముందు నుంచి లాగితే మన వెనకే వస్తుంది. తడిసిన గచ్చు మీద వెనక నుంచి గట్టిగా తోస్తే అడ్డం తిరుగుతుంది. ఆ ర్యాంప్ మీద జరిగింది అంతే.

ఆవిడ మొదట అడిగింది టైర్ల గురించి. ఆల్ సీజన్ టైర్లున్నాయి కదా అన్నది మావారి వాదన. పేరులో అన్ని కాలాలూ ఉన్నా, చలి 45 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే మన లెక్కలో 7 డిగ్రీలు దాటి కిందికి వెళ్ళేకొద్దీ ఆ రబ్బరు గట్టిపడిపోతుంది. ఫ్రిజ్‌లో పెట్టిన చపాతీ పిండి చూడండి, ఎంత నొక్కినా సాగదు, అలాగ. వింటర్ టైర్ల రబ్బరు చలిలోనూ మెత్తగా ఉండేలా చేస్తారు, పైన సన్నసన్నగా కత్తిగాట్లు ఉండి స్నోని కరిచి పట్టుకుంటాయి. పక్కన మూడు శిఖరాల కొండ, మధ్యలో స్నో పువ్వు బొమ్మ ఉంటుంది, అది చూసి కొనాలి. మాంట్రియల్‌లో ఉన్న మా పిన్ని కూతురు ఈ చర్చంతా విని ఆశ్చర్యపోయింది. క్విబెక్‌లో డిసెంబరు 1 నుంచి మార్చి 15 దాకా అవి లేకుండా రోడ్డెక్కడమే నేరమట. మా దగ్గర అలాంటి చట్టం లేదు.

నాలుగు టైర్లకీ బిగింపుకీ కలిపి వెయ్యి డాలర్ల దాకా అయింది. వెనక రెండూ తిరుగుతాయి కాబట్టి వాటికే వేయిద్దామా అని ఈయన బేరం పెట్టారు. వద్దన్నారు పక్కింటావిడ. వెనక పట్టుండి ముందు లేకపోతే స్టీరింగ్ తిప్పినా కారు తిరగదు, బ్రేకు వేస్తే ముందు చక్రాలు జారతాయి. నాలుగూ మార్చాల్సిందే. నేను దీపావళికి అనుకున్న గాజుల డబ్బు తీసిచ్చాను. త్యాగమేమీ కాదు, గాజులకి మళ్ళీ దీపావళి వస్తుంది. పైగా చలికాలం వీటి మీద నడిచినన్నాళ్ళూ పాత టైర్లు గరాజ్‌లో అరగకుండా ఉంటాయి కాబట్టి ఆ డబ్బు పూర్తిగా కొత్త ఖర్చు కూడా కాదు.

ఆ తర్వాత డిక్కీలోకి ఇసుక. ఇక్కడ సామాన్ల కొట్లో 60 పౌండ్ల ఇసుక పొడుగాటి గొట్టంలాంటి బస్తాలో అమ్ముతారు, ఇందుకోసమే. రెండు తెచ్చాం. వాటిని డిక్కీ చివర పడేస్తే లాభం లేదు, ఎడ్లబండిలో బరువంతా వెనక వేస్తే కాడి పైకి లేచినట్టు కారు ముందు భాగం తేలికైపోతుంది. వెనక సీటుకి ఆనించి, చక్రాల ఇరుసు మీద బరువు పడేలా పెట్టి, బ్రేకు వేసినప్పుడు కదలకుండా కట్టాం. బరువు ఎంత పెరిగితే ఆపడానికి అంత కష్టం కాబట్టి మరీ ఎక్కువ వెయ్యకూడదట. ఎక్కడైనా చక్రం కూరుకుపోతే ఆ బస్తాలోంచే కాస్త తీసి కింద చల్లుకోవచ్చు.

సామాను సిద్ధమైంది, ఇక మనుషులు. డిసెంబరు మొదటి ఆదివారం, ఆరంగుళాలు పడిన మర్నాడు, ఖాళీగా ఉన్న ఒక ఆఫీసు పార్కింగ్ లాట్‌కి అడిగి మరీ వెళ్ళాం. దీపస్తంభాలు లేని మూల చూసుకున్నాం. అమ్మాయి స్టీరింగ్ దగ్గర, నేను పక్కన, పక్కింటావిడ వెనక సీట్లో, ఫ్లాస్కులో అల్లం టీ. మావారు బయట నిలబడి చూస్తామన్నారు గానీ మైనస్ 12లో పది నిమిషాలకే వచ్చి కారెక్కారు.

మొదట బ్రేకు. గంటకి 15 మైళ్ళలో వెళ్తూ ఒక్కసారి గట్టిగా తొక్కమన్నారు. పాదం కింద పెడల్ గిజగిజలాడి గరగరమని చప్పుడు చేసింది. అమ్మాయి భయపడి కాలు తీసేసింది. అది ఏబీఎస్ పని చేస్తున్న చప్పుడు, కాలు తియ్యకూడదు, తొక్కి పట్టే ఉంచాలి, మనం తొక్కుతూ వదులుతూ ఉండక్కర్లేదు. మూడోసారికి అలవాటైంది. ఈ చప్పుడు మొదటిసారి వినేది ఎర్రలైటు ముందు కాకూడదని ఆవిడ పట్టుదల.

తర్వాత, అక్కడ మాత్రమే, ట్రాక్షన్ బటన్ ఆపేసి గుండ్రంగా తిరుగుతూ గ్యాస్ కొంచెం ఎక్కువ తొక్కించారు. వెనక భాగం మెల్లగా పక్కకి జారడం మొదలైంది. కడుపులో దేవినట్టయింది నాకు. "కాలు తియ్యి. బ్రేకు వద్దు. ఎటు వెళ్ళాలో అటు చూడు, చేతులు వాటంతటవే వస్తాయి" అని వెనక నుంచి ఆవిడ, బస్సులో అల్లరి పిల్లలకి చెప్పినంత తాపీగా. కారు తోక కుడికి జారితే స్టీరింగ్ కుడికి తిప్పాలి, ఎడమకి జారితే ఎడమకి. సర్దుకోగానే వెంటనే నేరుగా తెచ్చుకోవాలి, లేకపోతే తోక రెండో వైపుకి ఇంకా విసురుగా కొడుతుంది. చెప్పడానికి ఇంతే. ఒంటికి పట్టడానికి గంటన్నర పట్టింది. అమ్మాయి తర్వాత నేను, నా తర్వాత ఆయన. ఆయన అన్నిటికన్నా ఎక్కువసార్లు చేశారు, నేర్చుకోవడానికో సరదాకో అడగలేదు.

ఆ రోజు నాకు బాగా తలకెక్కిన సంగతి వేరే ఉంది. టైరుకి ఉండే పట్టు నెల జీతం లాంటిది. మామూలు రోడ్డు మీద ఎంత ఖర్చు పెట్టినా మిగులుతుంది. స్నోలో జీతం సగానికి సగం పడిపోతుంది, ఐస్ మీద ఇంచుమించు సున్నా. ఉన్న కాస్తా బ్రేకుకి ఖర్చు పెడితే మలుపుకి మిగలదు. అందుకని మలుపుకి ముందే, నేరుగా ఉండగానే వేగం తగ్గించేసుకోవాలి, తిరిగేటప్పుడు ఏ పెడలూ గట్టిగా తొక్కకూడదు, మొత్తం తిరిగాక అప్పుడు గ్యాస్. అదీ పాలు కాచేటప్పుడు సెగ పెంచినంత నెమ్మదిగా. వెనక చక్రాల బండికి ఇక్కడే ఒక మంచి గుణం కూడా ఉందని ఆవిడ చెప్పారు: ముందు చక్రాలకి తిరగడం ఒక్కటే పని, లాగే బరువు వాటి మీద ఉండదు. మా ఆయన మొహం వెలిగిపోయింది.

స్టెబిలిటీ కంట్రోల్ ఉంది కదా, ఎందుకింత హడావిడి అని మీలో ఎవరికైనా అనిపించవచ్చు. అమెరికాలో 2012 మోడల్ నుంచి కొత్త కార్లన్నిటికీ అది ఉండాలని నియమం పెట్టారు, మాకూ ఉంది. రోడ్డెక్కితే అది వేసే ఉండాలి, ఈ విషయంలో మా ఇంట్లో ఇక చర్చ లేదు. కానీ అది ఉన్న పట్టుని సర్దగలదు, లేని పట్టు తేలేదు. ఆల్ వీల్ డ్రైవ్ అయినా అంతే, కదలడానికి సాయం చేస్తుంది గానీ ఆగడానికి కాదు. మొదటి స్నో రోజున హైవే పక్క గుంటల్లో పెద్ద పెద్ద ఎస్‌యూవీలు కూడా కనిపిస్తాయి.

మిగతావి తల్లిగా నేను చేర్చుకున్నవి. మా వీధి ఎత్తు దగ్గర ముందు బండి పూర్తిగా ఎక్కేదాకా కిందే ఆగి, ఆ తర్వాత ఒకే చిన్న వేగంతో ఆగకుండా ఎక్కమన్నాను. స్నోలో క్రూయిజ్ కంట్రోల్ వద్దు. ముందు బండి దాటిన స్తంభం దగ్గరికి మనం చేరేలోపు పది అంకెలు లెక్కపెట్టగలగాలి. వంతెన కింద నుంచి కూడా చలిగాలి తగులుతుంది కాబట్టి రోడ్డు కన్నా ముందు వంతెనే గడ్డకడుతుంది, అక్కడ ముందే నెమ్మదించాలి. పది డిగ్రీల ఫారెన్‌హీట్ చలి పెరిగితే టైర్లలో గాలి దాదాపు ఒక పౌండు తగ్గుతుంది, నెలకోసారైనా చూసుకోవాలి. పెట్రోలు సగానికి తగ్గకూడదు. కారులో దుప్పటి, చిన్న పార, టార్చి, చెగోడీల పొట్లం. ఎక్కడైనా స్నోలో ఇరుక్కుని ఇంజను నడుపుకుంటూ కూర్చోవాల్సి వస్తే ముందు దిగి పొగగొట్టం చుట్టూ స్నో తీసెయ్యాలి, లేకపోతే కార్బన్ మోనాక్సైడ్ లోపలికి వచ్చేస్తుంది. ఇది పెద్దవాళ్ళు కూడా మర్చిపోతారు. చిన్నపిల్లలున్నవాళ్ళు ఇంకోటి గుర్తుపెట్టుకోండి, లావు కోటు మీద కార్ సీటు బెల్టు పెడితే బిగినట్టే కనిపిస్తుంది గానీ బిగదు. కోటు విప్పి బెల్టు పెట్టి, పైన కప్పండి.

స్నో తీసే ప్లౌ ట్రక్కుని దాటొద్దని కూడా చెప్పాను. దాన్లో నవ్వొచ్చే సంగతొకటుంది. మినెసోటా రవాణా శాఖ వాళ్ళు ప్లౌలకి పేర్లు పెట్టమని జనానికి పోటీ పెడతారు. 2021లో గెలిచినవాటిలో ప్లౌయీ మెక్‌ప్లౌఫేస్, డార్త్ బ్లేడర్ ఉన్నాయి. మా చిన్నాడు కనబడ్డ ప్రతి ప్లౌ మీదా పేరు వెతుకుతాడు.

అమ్మాయి మొదటిసారి స్నోలో ఒంటరిగా వెళ్ళిన రోజు నేను పూజగదిలోకి వెళ్ళలేదు, ఫోన్ చేయలేదు. కూర్చుని రెండు కిలోల చిక్కుడుకాయలు ఈనెలు తీశాను. ఇంట్లో తినేది నలుగురైదుగురమే.

జనవరిలో ఒక బుధవారం సాయంత్రం, లైబ్రరీ నుంచి తనే ఫోన్ చేసింది. "అమ్మా, సన్నటి వాన పడి పడినట్టే గడ్డకడుతోంది. పార్కింగ్ లాట్‌లో నడుస్తుంటేనే జారుతోంది. నేనిప్పుడు రాను. పక్క వీధిలో ఫ్రెండ్ వాళ్ళింటికి గడ్డి మీద నుంచి నడిచి వెళ్తాను, ఉప్పు ట్రక్కు వెళ్ళాక బయల్దేరతాను" అంది. మావారు అప్పటికే మినీవ్యాన్ తాళాలు తీసుకున్నారు. "అదే ఐస్ మీదకి రెండో కారు ఎందుకండీ" అన్నాను. తాళాలు మేకుకి తగిలించి, కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నారు. చలి అప్పుడు 29 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉంది, ఉప్పు పనిచేస్తుంది. 15 కన్నా దిగిపోతే ఉప్పు కూడా పెద్దగా కరిగించలేదు, అప్పుడైతే రాత్రికి అక్కడే ఉండిపోమనేదాన్ని. ఆ ఫ్రెండ్ వాళ్ళమ్మకి ఫోన్ చేసి చెప్పాను. ఆవిడా మా వాళ్ళని పంపొద్దు అనుకుంటున్నానండీ అంది.

తొమ్మిదిన్నరకి మా వీధిలో ఉప్పు ట్రక్కు వెళ్ళింది. పదిం పావుకి గరాజ్ తలుపు చప్పుడైంది. అమ్మాయి వచ్చి, పప్పుచారు వేడి చేసుకుని, రెండోసారి అన్నం పెట్టించుకుంటూ, "నాన్నా, అద్దం కడిగే నీళ్ళు అయిపోయాయి, దార్లో ఉప్పు నీళ్ళు ఎగిరి ఏమీ కనిపించలేదు. మైనస్‌లో గడ్డకట్టని రకం కొనాలి" అంది. ఆయన అప్పుడే లేచి గరాజ్‌లోకి వెళ్ళారు. ఒక డబ్బా ఉంది మా దగ్గర.